ఆఫీసులో జిమ్: మిషన్లు కొనేముందు వేసుకోవాల్సిన లెక్కలు

జిమ్‌కి మేనేజ్‌మెంట్ ఓకే చెప్పగానే అడ్మిన్ టీమ్ చేసే మొదటి పని మిషన్ల కేటలాగు తెప్పించుకోవడం. నిజానికి అది ఆఖర్న చేయాల్సింది. ఆఫీసు జిమ్ ఖాళీ అయ్యేది ట్రెడ్‌మిల్ బాగాలేక కాదు. సాయంత్రం ఏసీ కట్టేస్తారు, చెమటతో క్యాబ్ ఎక్కలేరు, పొద్దున వస్తే స్నానానికి క్యూ ఉంటుంది. మూడో నెలకి అందులో కుర్చీలు, పాత మానిటర్లు చేరతాయి. అందుకే ఈ ప్లాన్ అంతా ఒక్క ప్రశ్న చుట్టూ నడుస్తుంది: బాగా రద్దీగా ఉండే గంటలో ఆ గదిలో ఎంతమంది ఉంటారు?

ఉదాహరణకి గచ్చిబౌలి, మాదాపూర్ వైపు అద్దె భవనంలో, పై అంతస్తుల్లో, 600 మంది పనిచేసే కంపెనీని తీసుకుందాం. అంకెలు మార్చుకుంటే విశాఖ మధురవాడ ఆఫీసుకైనా ఇదే దారి.

1. తలలు లెక్కపెట్టండి

"జిమ్ కావాలా?" అని సర్వే పెడితే అందరూ కావాలనే అంటారు. ఆ సర్వే దండగ. ఇలా అడగండి: ఇప్పుడు వారంలో ఎన్ని రోజులు వ్యాయామం చేస్తున్నారు? ఏ రోజుల్లో ఆఫీసుకి వస్తున్నారు? లాగిన్ ఎన్నింటికి, తిరుగు క్యాబ్ ఎన్నింటికి? ఆఫీసులో స్నానం చేస్తారా? ఈ నాలుగు జవాబులే మీ డిజైన్.

మొదటి నెలలో పేరు రాయించుకునేవాళ్లని చూసి మురిసిపోవద్దు. ప్లానింగ్‌కి 15 శాతం మంది క్రమంగా వస్తారని పెట్టుకోండి. 600లో 90 మంది. మనిషికి వారానికి 3 రోజులు చొప్పున 270 రాకలు, అయిదు రోజులకు పంచితే రోజుకి 54. హైబ్రిడ్ (కొన్ని రోజులు ఇంటి నుంచి, కొన్ని రోజులు ఆఫీసులో పని) ఉన్నచోట సోమ, శుక్రవారాలు వెలవెలబోయి మంగళ, బుధ, గురువారాల్లో జనం పోటెత్తుతారు కాబట్టి 70 వేసుకోండి. అందులో 60 శాతం, అంటే 42 మంది, సాయంత్రం 6 నుంచి 8 మధ్యే వస్తారు. ఒక్కొక్కరు గంట ఉంటే ఏ క్షణంలోనైనా 20 మంది పైచిలుకు లోపల ఉంటారు. మనిషికి 50 చదరపు అడుగులు చొప్పున 1,000 అడుగుల వ్యాయామ స్థలం, బట్టలు మార్చుకునే గదులు, షవర్లు, చిన్న స్టోరుకి ఇంకో 350.

ఈ 20 అనే అంకెని గుర్తు పెట్టుకోండి. ఏసీ, గాలి, మిషన్లు అన్నీ దీన్నుంచే వస్తాయి.

ఫ్యాక్టరీ అయితే ఈ లెక్క పనికిరాదు. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసినవాళ్లు షిఫ్ట్ అయ్యాక బరువులెత్తడానికి రారు. వాళ్లకి నడుము, భుజాలు సాగదీసుకునే మ్యాట్లు, వారానికి రెండు రోజులు ఫిజియోథెరపిస్టు ఎక్కువ ఉపయోగం.

2. ఏ అంతస్తు, ఏ మూల

స్లాబ్ గురించి బిల్డింగ్ యజమాని దగ్గరున్న స్ట్రక్చరల్ డ్రాయింగులు అడగండి. భవనాల మీద పడే భారాలకి భారత ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం ఆఫీసు ఫ్లోర్‌ని చదరపు మీటరుకి సుమారు 250 నుంచి 400 కిలోల భారానికి డిజైన్ చేస్తారు, జిమ్‌కి 500 కావాలి. ఈ తేడా చూసి భయపడక్కర్లేదు, వదిలేయకూడదు కూడా. స్ట్రక్చరల్ ఇంజనీరు చేత మిషన్ల లేఅవుట్ మీద సంతకం పెట్టించుకోండి. 2.5 నుంచి 25 కిలోల దాకా పది జతల డంబెల్సే 275 కిలోలు, ర్యాక్ బరువు వేరే. లెగ్ ప్రెస్ మీద ప్లేట్లు, మనిషి కలిపితే అర టన్ను దాటుతుంది. ఇలాంటివి స్పాన్ (రెండు స్తంభాల నడుమ దూరం) మధ్యలో పెట్టకుండా బీమ్ మీదా, స్తంభాల పక్కనా పెడితే సగం సమస్య తీరుతుంది.

స్లాబ్ కూలడం కంటే తరచుగా ఎదురయ్యేది అదురు. పరుగెత్తేటప్పుడు అడుగు పడిన ప్రతిసారీ ఒంటి బరువుకి రెండు మూడింతల దెబ్బ నేలకి తగులుతుంది. కింద మీటింగ్ రూమ్ ఉంటే నెల తిరక్కుండా ఫిర్యాదు వస్తుంది. కింద క్యాంటీన్, స్టోర్, లాబీ ఉన్న చోటు వెతకండి. సర్వర్ రూమ్ పైన షవర్ల మాట తలపెట్టనే వద్దు.

సెల్లార్ ఖాళీగా ఉంది కదా అని ఆశపడతారు. అది పార్కింగ్‌కి అనుమతి తీసుకున్న స్థలం. అక్కడ జిమ్ కడితే మున్సిపల్ కార్పొరేషన్ నోటీసు మీ చేతికే వస్తుంది.

ఎత్తు కూడా కొలవండి, అయితే స్లాబ్ దాకా కాదు, ఫాల్స్ సీలింగ్ దాకా. ట్రెడ్‌మిల్ డెక్ నేల మీద నుంచి 20, 25 సెంటీమీటర్లు ఉంటుంది. ఇంక్లైన్ పెంచితే ముందు భాగం ఇంకా లేస్తుంది. ఆరడుగుల మనిషి దాని మీద ఎగిరెగిరి పరుగెత్తాలంటే కనీసం 2.6 మీటర్లు ఉండాలి. డక్ట్ కింద సీలింగ్ 2.4కి దిగినచోట సైకిళ్లు పెట్టుకోండి.

3. గాలి, ఏసీ

డబ్బంతా పెట్టి కూడా ఎక్కువమంది తప్పేది ఇక్కడే. కూర్చుని పనిచేసే మనిషి ఒంటి నుంచి సుమారు 130 వాట్ల వేడి వస్తుంది. గట్టిగా వ్యాయామం చేసే మనిషి నుంచి 500 వాట్లు దాటుతుంది, అందులో ఎక్కువ భాగం చెమట తేమ రూపంలోనే. 20 మందికి పది కిలోవాట్లు, అంటే మనుషుల కోసమే 3 టన్నుల ఏసీ. మోటార్లు, లైట్లు, బయటి గాలి వేడి కలుపుకుంటే 1,000 అడుగులకి 8 నుంచి 10 టన్నులు పడుతుంది. ఆఫీసుకి అమర్చిన ఏసీనే వదిలేస్తే చలికాలంలో నెట్టుకొస్తుంది, ఏప్రిల్‌లో చేతులెత్తేస్తుంది.

బయటి నుంచి తాజా గాలికి ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం) ప్రమాణం జిమ్‌లో మనిషికి నిమిషానికి 20 ఘనపుటడుగులు చెబుతుంది. దానికి అదనంగా ప్రతి చదరపు అడుగుకి 0.06. మన గదికి 460. ఆఫీసులో మనిషికి చెప్పేది 5 మాత్రమే. అంటే పాత డక్ట్ సరిపోదు. ఇంకో సంగతి: లోపలికి పంపే గాలి కంటే బయటికి లాగే గాలి కాస్త ఎక్కువ ఉండాలి. అప్పుడే తలుపు తెరిచినప్పుడు ఆఫీసు గాలి జిమ్‌లోకి పోతుంది. తిరగబడితే పక్క బే వాళ్లకి రబ్బరు, చెమట వాసన తప్పదు.

అన్నిటికంటే ముఖ్యం, లీజు కాగితంలో సెంట్రల్ ఏసీ వేళలు చదవండి. చాలా భవనాల్లో సాయంత్రం ఆగిపోతుంది, ఆ తర్వాత గంటకింత అని వేరే బిల్లు. మీ జిమ్ నిండేది సరిగ్గా అప్పుడే. జిమ్‌కి సొంత స్ప్లిట్ లేదా వీఆర్‌ఎఫ్ (ఒకే బయటి యూనిట్‌తో చాలా లోపలి యూనిట్లు నడిచే ఏసీ) యూనిట్లు పెట్టి, బయటి యూనిట్లు ఎక్కడ బిగించాలో యజమానితో ముందే ఒప్పుకోండి.

4. కరెంటు

మూడు హార్స్‌పవర్ ట్రెడ్‌మిల్ అంటే రెండు కిలోవాట్లకి పైన, స్టార్టింగ్‌లో ఇంకా ఎక్కువ. ఒక్కో ట్రెడ్‌మిల్‌కి విడి సర్క్యూట్, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల సి-కర్వ్ ఎంసీబీ (మోటారు స్టార్టింగ్‌ని తట్టుకునే బ్రేకర్), 16 ఆంపియర్ల సాకెట్ ఇవ్వండి. మూడింటినీ ఒకే లైను మీద వేస్తే ముగ్గురూ ఒకేసారి పరుగెత్తిన రోజున ఎంసీబీ పడిపోతుంది.

ట్రెడ్‌మిల్‌ని యూపీఎస్ లైనుకి తగిలించవద్దని ఎలక్ట్రీషియన్‌కి రాతపూర్వకంగా చెప్పండి. ఆఫీసుల్లో దగ్గర్లో ఉన్న సాకెట్ యూపీఎస్‌దే అవుతుంది కాబట్టి ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. యూపీఎస్ ఉండదు కాబట్టి కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు బెల్టు ఆగిపోతుంది. అది ఉన్నపళంగా ఆగుతుందా, మెల్లగా ఆగుతుందా అన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది. డెమోలో వెండర్ చేత మెయిన్ ఆఫ్ చేయించి చూడండి, బ్రోషర్‌లో అది కనిపించదు. సాకెట్లు మిషన్ ముందువైపు, నేలలో ఉండాలి. వెనక నుంచి వైరు పారితే దిగేవాళ్ల కాలికి తగులుతుంది. తమంతట తాము కరెంటు పుట్టించుకునే సైకిళ్లు, ఎలిప్టికల్స్ తీసుకుంటే ఆ మేరకు సాకెట్లు తగ్గినట్టే.

5. షవర్లు

షవర్ల సంఖ్యని తేల్చేది సాయంత్రం కాదు, పొద్దున. సాయంత్రం వచ్చే 42 మందిలో చాలామంది ఇంటికెళ్లి స్నానం చేస్తారు. రోజుకి వచ్చే 70లో పొద్దున వచ్చేవాళ్లు 14 మంది అనుకుంటే, వాళ్లంతా లాగిన్‌కి ముందు అరగంటలో స్నానం చేయాల్సిందే. ఒక్కొక్కరికి పది నిమిషాలు వేసుకుంటే ఒక షవర్ అరగంటలో ముగ్గురికి. ఆడవాళ్లకి రెండు, మగవాళ్లకి రెండు పెడితే 12 మంది, కాస్త సర్దుకుంటే సరిపోతుంది.

గీజరు లెక్క కూడా ఈ అరగంటకే వేయాలి. నిమిషానికి 8 లీటర్ల షవర్‌తో ఆరు నిమిషాలంటే దాదాపు 50 లీటర్లు. 25 లీటర్ల గీజరులో 60 డిగ్రీల నీళ్లు చన్నీళ్లతో కలిసి ఒక్క స్నానానికి వస్తాయి. 2 కిలోవాట్ల ఎలిమెంట్‌తో మళ్లీ కాగడానికి అరగంట. రెండో మనిషికి చన్నీళ్లే. నాలుగు షవర్లకి కలిపి 300 లీటర్ల ట్యాంకుతో హీట్‌పంప్ పెట్టడం నయం. సాయంత్రం చేసేవాళ్లని కూడా కలుపుకుని రోజుకి 28 స్నానాలు అనుకుంటే 1,400 లీటర్లు. వేసవిలో ట్యాంకర్ల మీద నడిచే భవనమైతే ఫెసిలిటీ మేనేజర్‌తో ఈ అంకె ముందే మాట్లాడుకోండి.

ఆఫీసు స్లాబ్‌లో బాత్‌రూమ్‌కి పల్లం ఉండదు. అందుకని ఇప్పటికే ఉన్న టాయిలెట్ల గోడకి ఆనించి షవర్లు కట్టాలి, పైపుల కోసం నేలని 15, 20 సెంటీమీటర్లు లేపాలి. వాటర్‌ప్రూఫింగ్ పూత నేలతో ఆపకుండా గోడ మీద షవర్ తల ఎత్తు దాకా తీసుకెళ్లండి. గోడ, నేల కలిసే మూల దగ్గర మెష్ వేసి గుండ్రంగా మలచమని చెప్పండి, లీకు మొదలయ్యేది అక్కడే. టైల్స్ వేయకముందు డ్రెయిన్ మూసి నీళ్లు నిలబెట్టి 48 గంటలు వదిలేయండి. నీటి మట్టం దగ్గర గోడకి పెన్సిల్‌తో గీత గీసి, రెండో రోజు కింది అంతస్తు సీలింగ్ టైల్ ఒకటి తీసి టార్చ్ వేసి చూడండి. కాంట్రాక్టరు "టైమ్ లేదు సార్, మొన్న సైట్లో ఇదే కెమికల్ వాడాం" అంటాడు. టైమ్ ఇవ్వండి. టైల్స్ వేశాక దొరికిన లీకు బాగుచేయాలంటే మొత్తం పగలగొట్టాల్సిందే.

6. నేల, అద్దాలు

కార్డియో మిషన్ల కింద 8 మిల్లీమీటర్ల రబ్బరు రోల్ చాలు. డంబెల్స్ దగ్గర 15 నుంచి 20. బార్‌బెల్ నేల మీద దించే ప్లాట్‌ఫామ్ కింద 40, 50 కావాలి. పై అంతస్తులో డెడ్‌లిఫ్ట్ ప్లాట్‌ఫామ్ పెట్టకపోవడమే మంచిది, రబ్బరు ఎంత మందం వేసినా కింద శబ్దం ఆగదు. కొత్త రబ్బరు వాసన వారాల తరబడి ఉంటుంది, కాబట్టి పరిచిన వెంటనే ప్రారంభోత్సవం పెట్టుకోవద్దు. ఎగ్జాస్ట్ రాత్రింబవళ్లు నడిపి పది రోజులు ఆరనివ్వండి.

అద్దాలు వెనక సేఫ్టీ ఫిల్మ్ ఉన్నవి, 6 మిల్లీమీటర్లవి తీసుకోండి. నేల నుంచి అర మీటరు వదిలి మొదలుపెట్టండి. కారణం ఒక్కటే: 20 కిలోల ఒలింపిక్ ప్లేట్ వ్యాసం 45 సెంటీమీటర్లు. ఎవరో ఒకరు దాన్ని గోడకి ఆనిస్తారు.

7. ఇప్పుడు మిషన్లు

20 మందికి సరిపడే జాబితా ఇంత చిన్నది: ట్రెడ్‌మిల్స్ మూడు, ఎలిప్టికల్ ఒకటి, సైకిళ్లు రెండు (ఒకటి నడుముకి ఆనుడు ఉన్నది), రోయింగ్ మిషన్ ఒకటి, రెండు వైపులా వాడుకునే కేబుల్ మిషన్ ఒకటి, ల్యాట్ పుల్‌డౌన్‌తో కలిసిన సీటెడ్ రో, లెగ్ ఎక్స్‌టెన్షన్‌తో కలిసిన లెగ్ కర్ల్, స్మిత్ మిషన్ లేదా హాఫ్ ర్యాక్, వాలు మార్చుకునే బెంచీలు మూడు. మిగతాదంతా మ్యాట్లు, బ్యాండ్లు, ఖాళీ నేల. ఆ ఖాళీని నింపేయమని వెండర్ సలహా ఇస్తాడు. వినకండి. ఆరుగురు మ్యాట్లేసుకునే జాగా ఉంటేనే గది ఊపిరి పీల్చుకుంటుంది.

డంబెల్స్ ఆర్డర్‌లో 1, 2, 3, 4 కిలోలవి రెండేసి జతలు విడిగా రాయండి. వెండర్ ఇచ్చే సెట్ 2.5 లేదా 5తో మొదలవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, ఆడవాళ్లు, భుజం నొప్పి ఉన్నవాళ్లు వెతుక్కునేవి మాత్రం చిన్నవే.

ట్రెడ్‌మిల్ వెనక 2 మీటర్లు, పక్కల అర మీటరు ఖాళీ వదలాలి. జారిపడ్డ మనిషిని గోడకీ బెల్టుకీ మధ్య ఇరికించే లేఅవుట్ ప్రాణాంతకం. ఇళ్లలో వాడే మోడల్ చవగ్గా వస్తుందని తేకండి. దాని మోటారు రోజుకి గంట పరుగుకి తయారైంది, ఇక్కడ ఆరేడు గంటలు తిరుగుతుంది, పైగా "కమర్షియల్ వాడకం" అంటూ వారంటీ కూడా చెల్లదు. కొటేషన్‌లో ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం)తో పాటు బెల్టు, డెక్, కేబుల్, కన్సోల్ ధరలు ఇప్పుడే రాయించుకోండి. రెండేళ్ల తర్వాత అడిగితే చెప్పే ధర వేరే.

తీసుకొచ్చే దారి కూడా కొలవాలి: సర్వీసు లిఫ్ట్ లోతు, తలుపు వెడల్పు, కారిడార్ మలుపు. ప్యాక్ చేసిన ట్రెడ్‌మిల్ రెండు మీటర్లు దాటుతుంది. సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) భవనమైతే గేటు కాగితాలకి, అనుమతికి ఇంకో రెండు వారాలు కలుపుకోండి.

8. పన్ను, కాగితాలు

వ్యాయామ పరికరాల మీద జీఎస్టీ 18 శాతం. 20 లక్షల మిషన్లకి 3.6 లక్షలు. బయటి జిమ్ మెంబర్‌షిప్‌లు కొనిస్తే వాటి మీద జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) కింద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని కంపెనీ కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) రాదు. సొంత జిమ్‌కి కూడా క్రెడిట్ రాదనుకునే బడ్జెట్ వేసి, ఆడిటర్ అభిప్రాయం రాతలో తీసుకోండి. ఆదాయపు పన్ను విషయంలో, ఉద్యోగులందరికీ ఒకేలా ఇచ్చే హెల్త్ క్లబ్ వసతిని నియమాలు పెర్క్విజిట్ (జీతంతో పాటు అందే, పన్ను పడే సౌకర్యం) లెక్కలోంచి మినహాయించాయి. "మేనేజర్లకి మాత్రమే" అని బోర్డు పెడితే ఆ మినహాయింపు కాళ్లు విరుగుతాయి.

యజమాని ఇచ్చే ఎన్‌వోసీలో (అభ్యంతరం లేదనే పత్రంలో) మూడు మాటలు పేరుపేరునా ఉండాలి: స్లాబ్ భారం, షవర్ ప్లంబింగ్, ఏసీ బయటి యూనిట్లు. పార్టిషన్లు లేపితే స్ప్రింక్లర్లు, పొగ డిటెక్టర్లు కూడా జరపాలి.

9. ఏ పని తర్వాత ఏది

మొత్తం 16 వారాలు పెట్టుకోండి. మొదటి రెండు సర్వేకి, తర్వాతి మూడు ఇంజనీరు సంతకానికి, ఎన్‌వోసీకి. ఆరో వారంలో మిషన్లకి ఆర్డర్ ఇచ్చేయండి, దిగుమతి సరుకు రావడానికి ఎనిమిది పది వారాలు పడుతుంది. అది వచ్చేలోపు సైట్ పని ఈ వరుసలో: కాండ్యూట్లు, ప్లంబింగ్, వాటర్‌ప్రూఫింగ్, డక్టులు, సీలింగ్, రంగులు, రబ్బరు నేల, అద్దాలు, చివర్న మిషన్లు. రబ్బరు పరిచాక రంగులు వేయిస్తే మరకలు ఎప్పటికీ పోవు.

10. నడిపే మనుషులు

ట్రైనర్లు ఇద్దరు: పొద్దున, సాయంత్రం చెరొకరు, అందులో ఒక మహిళ తప్పనిసరి. ఏజెన్సీ మనుషులైతే బిల్లుతో పాటు ప్రతి నెలా పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు అడగండి. జిమ్ కూడా పని స్థలమే, కాబట్టి 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఇక్కడా వర్తిస్తుంది. ఇంటర్నల్ కమిటీ ఫోన్ నంబరు గోడ మీద ఉండాలి, ట్రైనర్లకి కూడా శిక్షణ ఇప్పించాలి.

చేరే ప్రతివాళ్ల చేత ఏడు ప్రశ్నల పార్-క్యూ (వ్యాయామానికి ముందు ఆరోగ్యం గురించి అడిగే) ఫారం నింపించండి. ఒక్క ప్రశ్నకి "అవును" వచ్చినా డాక్టరు చీటీ వచ్చాకే ట్రెడ్‌మిల్. ఆ ఫారాలు ట్రైనర్, ఆఫీసు డాక్టరు దగ్గరే ఉండాలి. గుండె జబ్బు సంగతి అప్రైజల్ రాసే మేనేజరు దాకా వెళ్తుందని అనుమానం వస్తే ఎవరూ నిజం రాయరు. గుండె ఆగినప్పుడు షాక్ ఇచ్చే ఏఈడీ పెట్టె తాళం వేయని చోట, తలుపు పక్కన పెట్టండి. ప్రతి నిమిషం ఆలస్యానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది.

హౌస్‌కీపింగ్ వాళ్లకి ఒక్క నియమం రాసివ్వండి: ఇక్కడ ఫినాయిల్ వాడకూడదు. రబ్బరు మీద జిడ్డుగా పట్టి కాలు జారుతుంది, సీట్ల రెక్సిన్ పగులుతుంది. తేలికపాటి సబ్బు నీళ్లు, పిండిన గుడ్డ చాలు. సోమవారం పొద్దున ట్రైనర్ కేబుళ్లన్నీ వేలితో తడిమి చూడాలి. పైన నైలాన్ తొడుగు పగిలి లోపలి తీగ తగిలితే ఆ మిషన్‌కి అప్పుడే "వాడరాదు" బోర్డు. ట్రెడ్‌మిల్ బెల్టు కింద మూడు నెలలకోసారి సిలికాన్ ఆయిల్ వేయాలి. అది ఎండిపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగి డ్రైవ్ బోర్డు కాలిపోతుంది, దాని ధర ఏడాది ఏఎంసీ అంత.

11. బిల్లు ఇచ్చేముందు

కాంట్రాక్టర్ల బిల్లులో 10 శాతం ఆపి ఉంచండి. మంగళవారమో బుధవారమో సాయంత్రం ఏడింటికి ఆఫీసులోంచి 20 మందిని పిలిచి నిజంగా వ్యాయామం చేయించండి. మూడు ట్రెడ్‌మిల్స్ ఒకేసారి నడవాలి, నాలుగు షవర్లలో వేడినీళ్లు వదలాలి. గంట తర్వాత గది మధ్యలో థర్మామీటర్ 24 దాటకూడదు. తలుపు కాస్త తెరిచి సందులో టిష్యూ కాగితం వేలాడదీస్తే అది జిమ్ లోపలికే ఊగాలి. కింది అంతస్తులో ఒకర్ని కూర్చోబెట్టి ఏం వినిపించిందో అడగండి, సీలింగ్ తడిసిందేమో చూడండి. అన్నీ సరిగ్గా ఉంటే ఆ 10 శాతం వదలండి. లేకపోతే తప్పులన్నీ రాసి కాంట్రాక్టరు సంతకం తీసుకుని, సరిచేశాక ఇంకో మంగళవారం ఇదే పరీక్ష మళ్లీ పెట్టండి.